కాదనైనా చెప్పండి, నాన్చకండి

కొత్తగా దేశంలోకి వచ్చినవారి అర్జీలు చూసే మంత్రులకు, అధికారులకు, అద్దం అవతల కౌంటర్లో కూర్చునే సిబ్బందికి.

అయ్యలారా, అమ్మలారా,

నేను ఫారాలు నింపిపెట్టే మనిషిని. పరాయి దేశంలో దిగి, అక్కడి భాష రాక, ఏ ఆఫీసుకి ఎందుకు వెళ్లాలో అర్థంకాక తికమకపడేవాళ్ల పక్కన కూర్చుంటాను. వాళ్లు చెప్పింది విని, మీరు గీసిన గళ్లలో పట్టేలా రాసిపెడతాను. కొన్నేళ్లుగా ఇదే పని, జీతం లేదు. అంతకుముందు నేనూ అదే క్యూలో నిలబడ్డదాన్నే. ఏ దేశం, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. ఎక్కడికి వెళ్లినా ఆ కుర్చీలు అలాగే ఉంటాయి, గోడ మీది స్క్రీన్‌లో టోకెన్ నంబర్లు అలాగే మారుతుంటాయి, మన నంబరు మాత్రం రాదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. సరిహద్దులు ఎత్తేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని వద్దనాలో తేల్చుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. ప్రాణభయంతో వచ్చినవాణ్ణి ఆ ప్రాణభయంలోకే తిరిగి నెట్టకూడదన్నది ఒక్కటే దానికి పెద్ద మినహాయింపు. 1951 శరణార్థుల ఒడంబడికలోని 33వ అధికరణం చెప్పేది అదే. దాని మీద మీలో చాలామంది దేశాలు సంతకం పెట్టాయి. మిగతాదంతా మీ పార్లమెంటులు, మీ ఓటర్లు తేల్చుకునే విషయం. మీరు ‘కాదు’ అన్నందుకు నాకు కోపం లేదు. అవునూ అనకుండా, కాదూ అనకుండా ఏళ్ల తరబడి నాన్చుతున్నారే, దాని గురించే నా గొడవంతా.

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2024 నాటికి పుట్టిన దేశం వదిలి వేరే దేశంలో ఉంటున్నవాళ్లు సుమారు 30 కోట్ల 40 లక్షలమంది. యుద్ధాలు, హింస తరిమితే ఇల్లు వదిలినవాళ్లు అదే ఏడాది చివరికి 12 కోట్లు దాటారు. వాళ్లలో సగానికిపైగా తమ దేశం గడప కూడా దాటలేదు, లోపలే ఒక మూల నుంచి ఇంకో మూలకు పారిపోయారు. కాబట్టి ‘ప్రపంచమంతా మా మీదే పడుతోంది’ అనే మాట ఏ దేశం నోట విన్నా నాకు కొంచెం నవ్వొస్తుంది. కానీ మీ దగ్గరికి వచ్చినవాళ్లు మాత్రం నిజమే. వాళ్ల ఫైళ్లు మీ బీరువాల్లో ఉన్నదీ నిజమే.

ఎదురుచూపు అంటే ఖాళీగా కూర్చోవడం అని మీరు అనుకుంటున్నట్టుంది. కాదు. అదొక పూర్తికాలపు ఉద్యోగం. నేను చూసిన ఒకాయన ఎలక్ట్రీషియన్. వచ్చి మూడేళ్లు దాటింది, ఇంటర్వ్యూ తేదీ రాలేదు. గది మారాలంటే భయం, మీ ఉత్తరం పాత అడ్రసుకి వెళితే? ఫోన్ నంబరు మార్చాలంటే భయం. మొదట చేయించిన మెడికల్ రిపోర్టుకి గడువు అయిపోయింది, మళ్లీ చేయించారు. వేలిముద్రలు మళ్లీ తీసుకున్నారు. రోజుకి ఎన్నిసార్లు ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తావని ఒకసారి అడిగాను. లెక్కపెట్టలేదన్నాడు. ఎన్నిసార్లు చూసినా ‘పెండింగ్’ అన్న ఒక్క మాటే. భాష క్లాసులో చేరవయ్యా అన్నాను. “ఉంచుతారో పంపిస్తారో తెలియని చోట ఈ భాష నేర్చుకుని ఏం చేసుకోను మేడమ్?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఎదురుచూపు చేసే ఇంకో పాడుపని ఉంది, దీని గురించి మీ లోపల ఎవరూ మాట్లాడుకుంటారని నేననుకోను. ఆశ్రయం కోరినవాడి దగ్గర చాలాసార్లు కాగితాలుండవు. అతని కథే అతని సాక్ష్యం. ఆ కథ వచ్చిన వారంలో అడిగితే వేడిగా ఉంటుంది. ఏ రోజు ఇంటికొచ్చారు, ఎంతమంది వచ్చారు, ఏ దారిన పారిపోయాడు, అన్నీ గుర్తుంటాయి. మూడేళ్ల తర్వాత అడిగితే? ఈ మూడేళ్లలో నిద్రపట్టని రాత్రులెన్నో గడిచాయి, మనసు కొన్నింటిని కావాలనే తుడిచేసింది. అప్పుడు మంగళవారం అన్నాడు, ఇప్పుడు గురువారం అంటాడు. వెంటనే మీ అధికారి ‘పొంతన లేదు, నమ్మదగ్గది కాదు’ అని రాస్తాడు. ఆలస్యం చేసింది మీరు, మరిచిపోయిన శిక్ష అతనికి. ఇంకో వైపు నుంచి చూసినా అంతే, నిజంగానే అబద్ధం చెప్పి వచ్చినవాడికి ఈ మూడేళ్లూ కలిసొచ్చిన కాలం. వాడు కుదురుకుంటాడు, కథ కంఠతా పట్టేస్తాడు. మీ నాన్చుడు వల్ల నష్టపోయేది ఎక్కువగా నిజం చెప్పినవాడే.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి, ఉద్యోగాల సంగతిలో లెక్కలున్నాయి. హైన్‌ముల్లర్, హాంగార్ట్‌నర్, లారెన్స్ అనే ముగ్గురు పరిశోధకులు స్విట్జర్లాండ్‌లోని శరణార్థుల వివరాలు తీసుకుని 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిర్ణయం కోసం ఒక్క ఏడాది అదనంగా ఎదురుచూస్తే, తర్వాత ఉద్యోగంలో ఉండేవాళ్ల శాతం 4 నుంచి 5 పాయింట్లు పడిపోతుందని తేలింది. వీళ్లంతా చివరికి అక్కడ ఉండనిచ్చినవాళ్లే సుమండీ. అంటే దేశం తన దగ్గరే ఉంచుకోబోయే మనుషుల్ని, ఉంచుకునే ముందు తన చేతులతోనే కొంత పాడుచేసుకుంది. కండరం వాడకపోతే సన్నబడినట్టు, పని చేయని చేయి పని మరిచిపోతుంది. పొద్దున్నే లేచే అలవాటు పోతుంది, నలుగురిలో మాట్లాడే ధైర్యం పోతుంది.

ఆ స్విట్జర్లాండే తర్వాత ఏం చేసిందో చెప్పాలి. ఆశ్రయం చట్టం మార్పుల మీద 2016 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. వలసల విషయంలో ఆ దేశపు ఓటర్లు అంత మెత్తనివాళ్లేమీ కాదు, అయినా దాదాపు మూడింట రెండొంతులమంది సరే అన్నారు. 2019 మార్చి 1 నుంచి కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. ఎక్కువ అర్జీలు 140 రోజుల్లో, అప్పీలుతో సహా, తేలిపోవాలన్నది లక్ష్యం. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టి కేంద్రాలు పెట్టారు. ఇంటర్వ్యూ చేసే అధికారి, దుబాసీ, లాయరు, కాగితాలు పరీక్షించేవాడు, అందరినీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. ఫైలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణాలు చేయడం తగ్గింది. చిక్కుముళ్లున్న కేసుల్ని వేరుచేసి, వాటికి ఎక్కువ సమయం ఇచ్చారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది లాయరు సంగతి. మొదటి నుంచీ ప్రతి అర్జీదారుకీ ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఖర్చు ప్రభుత్వానిదే. ‘మాకు వ్యతిరేకంగా వాదించేవాడికి మేమే డబ్బులివ్వాలా’ అని మీలో కొందరికి కడుపు మండుతుంది, తెలుసు. కానీ ఆలోచించండి. లాయరు పక్కనుంటే ఇంటర్వ్యూలో తప్పు అప్పటికప్పుడే దొరుకుతుంది. దుబాసీ ఒక మాట తప్పు చెబితే అక్కడికక్కడే సరిచేస్తారు. లేకపోతే అదే తప్పు ఏడాదిన్నర తర్వాత అప్పీల్లో బయటపడి, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. ‘కాదు’ అని వచ్చినా, తనవైపు మాట్లాడే మనిషి ఒకరు పక్కన కూర్చుని ఎందుకు కాదన్నారో విప్పిచెబితే జనం అంతో ఇంతో ఒప్పుకుంటారు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. ఉత్తరంలో వచ్చిన ‘కాదు’ మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది.

తొందర అనగానే నాకూ ఒక భయం ఉంది, దాచుకోను. బ్రిటన్‌లో ఒకప్పుడు ఆశ్రయం కోరినవాళ్లలో కొందరిని నిర్బంధంలో పెట్టి చకచకా తేల్చేసే పద్ధతి ఉండేది. అప్పీలుకి సిద్ధం కావడానికి కొద్ది రోజులే ఇచ్చేవారు. 2015లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనలు మూలంలోనే అన్యాయమైనవని కొట్టేసింది. గడియారం ఒక్కదాన్నే తిప్పి, లాయర్నీ దుబాసీనీ సమయాన్నీ కోసేస్తే వచ్చేది వేగం కాదు, గెంటివేత. నేనడిగేది అది కాదు. వంటలో మంట పెంచినంత మాత్రాన అన్నం తొందరగా ఉడకదు, మాడుతుంది.

ఒడంబడికలో కూడా ఒక చిత్రమైన ఖాళీ ఉంది. శరణార్థికి పౌరసత్వం ఇచ్చే పనిని వీలైనంత త్వరగా చేయండి, ఫీజులు తగ్గించండి అని 34వ అధికరణం అడుగుతుంది. కానీ అసలు ఇతను శరణార్థి అవునా కాదా అన్నది ఎన్ని రోజుల్లో తేల్చాలో ఎక్కడా చెప్పదు. 1951లో ఆ మాట రాసినవాళ్లకి ఈ బీరువాలు, ఈ బ్యాక్‌లాగ్‌లు ఊహకి వచ్చి ఉండవు. తర్వాత యూరప్ సమాఖ్య 2013 ఆదేశంలో ఆరు నెలలన్నది, దాన్ని పొడిగించడానికి దారులు పెట్టి, ఎంత లాగినా 21 నెలలు దాటకూడదన్నది. కాగితం మీద బాగానే ఉంది. ఇక అమెరికా వలస కోర్టుల్లో పెండింగ్ కేసులు 30 లక్షలు దాటాయి. వాటిని వినాల్సిన న్యాయమూర్తులు వందల్లోనే ఉన్నారు. ఈ లెక్క ఏ పిల్లవాడికి ఇచ్చినా ఎన్నేళ్లు పడుతుందో చేసి చూపిస్తాడు.

ఇదంతా ఆశ్రయం కోరేవాళ్ల బాధే, చదువుకుని ఉద్యోగం మీద వెళ్లినవాళ్లకి ఏం తక్కువ అనుకునేవారికి ఒక్క ముక్క. అమెరికాలో ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ అందులో 7 శాతానికి మించి దక్కకూడదన్నది మామూలు నియమం. చిన్న దేశానికీ అదే 7, నూటనలభై కోట్ల దేశానికీ అదే 7. దాంతో మనవాళ్ల క్యూ దశాబ్దాల్లోకి పోయింది. తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని రెండేళ్లప్పుడు వచ్చిన పిల్ల, అక్కడే బడికి, అక్కడే కాలేజీకి వెళ్లి, 21 ఏళ్లు నిండేసరికి ఆ అర్జీలోంచి జారిపోతుంది. తనకంటూ వేరే వీసా వెతుక్కోవాలి. అర్జీ పెట్టినప్పుడు ఆ పిల్ల వయసులో తప్పేమీ లేదు, మీ క్యూ పొడుగులోనే ఉంది తప్పు.

ఇక పని సంగతి. అర్జీ తేలేదాకా పనిచేయకూడదు అంటారు. కొన్ని దేశాల్లో కొన్ని నెలలు, కొన్నింట్లో ఏడాది. బ్రిటన్‌లో 12 నెలలు దాటాకే అనుమతి అడగాలి, అడిగినా కొన్ని ఉద్యోగాలకే ఇస్తారు. అమెరికాలో ఆశ్రయం అర్జీ పెట్టిన 150 రోజులకి వర్క్ పర్మిట్ అడగొచ్చు, 180 రోజులకి వస్తుంది అన్నది ఏళ్లుగా నడిచిన పద్ధతి. యూరప్ సమాఖ్య 9 నెలల హద్దుని 2024 సంస్కరణల్లో 6కి దించింది. పని ఇస్తే ఇంకా ఎక్కువమంది వస్తారని మీ భయం. కానీ మనిషి ఇల్లు వదిలేది బాంబుకో, బెదిరింపుకో, చుట్టం ఉన్న ఊరికో, తెలిసిన భాషకో. వర్క్ పర్మిట్ నిబంధనల్లో ఎన్నో పేరా చదివి పడవ ఎక్కినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

పని చేయనివ్వకపోతే ఏమవుతుంది? రెండే దారులు. ఒకటి, దొంగచాటుగా చేస్తాడు. సగం కూలికి, దెబ్బ తగిలినా ఆసుపత్రికి వెళ్లలేని చోట చేస్తాడు. ఆ సగం కూలి చూపించి పక్కనున్న స్థానిక కార్మికుడి కూలి తగ్గిస్తారు. రెండు, ప్రభుత్వమే పోషించాలి. బ్రిటన్ 2023-24లో ఆశ్రయం కోరినవాళ్లని హోటళ్లలో ఉంచడానికే సుమారు 300 కోట్ల పౌండ్లు ఖర్చు పెట్టింది. తర్వాత పేపర్లు ‘మన డబ్బుతో హోటళ్లలో కూర్చుని తింటున్నారు’ అని రాస్తాయి. కూర్చోమని చట్టం చేసింది ఎవరు? కాళ్లు కట్టేసి నడవడం లేదని తిట్టినట్టుంది.

మీరు తలచుకుంటే ఎంత వేగంగా చేయగలరో నాకు తెలుసు, మీరే చేసి చూపించారు. కొవిడ్ వచ్చినప్పుడు, 2020 మార్చిలో, పోర్చుగల్ ఒక నిర్ణయం తీసుకుంది. నివాస అనుమతి కోసం అప్పటికే అర్జీ పెట్టినవాళ్లందరినీ తాత్కాలికంగా అనుమతి ఉన్నవాళ్లకిందే లెక్కేశారు. ఆసుపత్రికి వెళ్లొచ్చు, సాయాలు తీసుకోవచ్చు. అర్జీ పెట్టినట్టు చూపించే కాగితమే చాలు. అదే వసంతంలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వేరే దేశాల్లో లైసెన్సు ఉన్న డాక్టర్లకు తాత్కాలిక లైసెన్సులు ఇచ్చింది. అంతకుముందు రోజుదాకా ఆ డాక్టర్ల డిగ్రీలు మీకు ఎందుకూ పనికిరాలేదు. మంచం మీద రోగి పడేసరికి పనికొచ్చాయి.

2022లో ఇంకా పెద్దది జరిగింది. ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీద పూర్తి స్థాయి యుద్ధానికి దిగింది. మార్చి 4న యూరప్ సమాఖ్య తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని అమలు చేసింది. ఎనిమిది రోజులు! ఆ ఆదేశం 2001 నుంచీ ఉంది, బాల్కన్ యుద్ధాల అనుభవంతో రాసుకున్నది. ఇరవై ఏళ్లకుపైగా ఒక్కసారి కూడా వాడలేదు. వాడాక, ఒక్కొక్కరి కథా విడివిడిగా పరీక్షించకుండానే ఉండటానికి, పనిచేయడానికి, పిల్లల్ని బడికి పంపడానికి హక్కులిచ్చారు. 40 లక్షలకుపైగా జనం దాని కింద నిలబడ్డారు. ఆకాశం విరిగి పడలేదు. కొన్ని చోట్ల ఇళ్లకి ఇబ్బంది వచ్చింది, కొన్ని బళ్లలో తరగతులు కిక్కిరిశాయి, అయినా గాడి తప్పలేదు. అదే సంవత్సరాల్లో అదే ఖండపు పొలిమేరల్లో, ఇంకో రంగు మనుషులు అడవుల్లో ముళ్లకంచెల పక్కన చలికి వణుకుతూ నిలబడ్డారు. ఎందుకలా అని నేనడగను, మీకూ తెలుసు.

డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమని కూడా అనకండి. 2021 ఫిబ్రవరిలో కొలంబియా అధ్యక్షుడు ఇవాన్ డూకే తమ దేశంలో ఉన్న వెనిజులా వాళ్లకు పదేళ్ల తాత్కాలిక రక్షణ ప్రకటించారు. అప్పటికి అక్కడ వాళ్లు సుమారు 17 లక్షలు, సగానికిపైగా మందికి కాగితాలు లేవు. డూకే రైట్‌వింగ్ నాయకుడు, వలసల మీద పాటలు పాడే రకం కాదు. ఆయన వాదన చాలా సాదాసీదా: వీళ్లు ఎలాగూ వెళ్లరు, ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే పాలన ఎలా, టీకాలెలా? పేరు రాయించుకుని, వేలిముద్ర ఇచ్చి, కార్డు తీసుకోండి. ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పనిచేసే హక్కు, తిరిగే హక్కు ఇచ్చింది, స్థిరపడే చోట్లలో సాగుకి భూమి చెక్కలూ ఇస్తూ వచ్చింది. ఇప్పుడక్కడ ఇవ్వడానికి భూమి చాలడం లేదు, బయటి నుంచి వచ్చే సాయం తగ్గి రేషన్లు కోశారు. ఉగాండాలో అంతా బాగుందని నేనను. కానీ కాగితం ఇవ్వడానికి మాత్రం అది వెనకాడలేదు. కాగితం చవక. వంద ఏళ్ల కిందట, 1922లో, సొంత దేశపు పౌరసత్వం పోయిన రష్యన్ల కోసం నాన్సెన్ పాస్‌పోర్ట్ పుట్టింది. వెనక సైన్యం లేదు, ఖజానా లేదు. ఒక కాగితం, దాన్ని గుర్తిస్తామన్న దేశాల మాట, అంతే. లక్షల మంది దానితో బతికి బట్టకట్టారు.

మీ కష్టం కూడా నాకు తెలియకపోలేదు. 2015లో స్వీడన్‌కి ఒక్క ఏడాదిలో సుమారు 1,63,000 ఆశ్రయం అర్జీలు వచ్చాయి. ఆ దేశం మొత్తం జనాభా కోటి కూడా లేదు. నవంబర్లో నిబంధనలు బిగిస్తున్నామని విలేకరుల ముందు చెబుతూ అప్పటి ఉప ప్రధాని ఓసా రొమ్‌సన్ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమెను వెక్కిరించినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ కన్నీళ్లలో నిజాయితీ కనిపించింది. ‘ఇక మావల్ల కాదు’ అని ఒక ప్రభుత్వం బయటికి చెప్పడం, చెప్పకుండా ఫైళ్లు దాచేయడం కన్నా వెయ్యి రెట్లు నయం.

బరువు ఎవరి మీద పడుతోందన్నది కూడా చూడాలి. నిర్ణయం రాజధానిలో తీసుకుంటారు, మనుషులు చేరేది చిన్న పట్టణానికి. అక్కడి బడికీ, ఆసుపత్రికీ డబ్బు మాత్రం రెండేళ్లు ఆలస్యంగా చేరుతుంది, లేదా చేరదు. స్థానికుల కోపంలో కొంత విషం ఉంది, కొంత న్యాయమూ ఉంది. జర్మనీ కనీసం పంపకానికి ఒక లెక్క పెట్టుకుంది. రాష్ట్రం పన్నుల రాబడికి మూడింట రెండొంతుల బరువు, జనాభాకి ఒక వంతు బరువు వేసి, ఆ నిష్పత్తిలో కొత్తవాళ్లని పంచుతారు. (1949లో పరిశోధన సంస్థల ఖర్చు పంచుకోవడానికి పుట్టిన లెక్క అది. మనుషులకీ వాడతారని అప్పుడు ఎవరు అనుకున్నారో!) కెనడా ఇంకో దారి పట్టింది. 1979లో, పడవల్లో సముద్రం మీద పడ్డ వియత్నాం, లావోస్, కంబోడియా వాళ్ల కోసం, మామూలు పౌరులే కనీసం అయిదుగురు కలిసి ఒక కుటుంబాన్ని స్పాన్సర్ చేసే ఏర్పాటు వాడుకలోకి తెచ్చారు. ఏడాదిన్నరలో వచ్చిన 60,000 మందిలో సగానికిపైగా అలా వచ్చినవాళ్లే. పిల్లల్ని బడిలో చేర్పించడం, బస్సెక్కడం నేర్పించడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, ఇవన్నీ ఆఫీసు చేయలేని పనులు, పక్కింటివాళ్లు చేస్తారు. అక్కడ నాలాంటివాళ్లకి ఒక హోదా ఉండేది అనిపిస్తుంటుంది అప్పుడప్పుడూ.

భాష సంగతి మరిచాను. ఆస్ట్రేలియా 1973లోనే టెలిఫోన్‌లో దుబాసీ సేవ మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే మధ్యలో ఒక గొంతు వచ్చి రెండు వైపులా చెబుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా, తల్లికి వచ్చిన జబ్బేమిటో డాక్టర్ నోటి నుంచి విని, తల్లికి చెప్పాల్సిన పదేళ్ల పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. మీ ఫారాల భాషయితే చెప్పక్కర్లేదు, ఆ దేశంలో పుట్టి పెరిగినవాళ్లకీ అర్థం కాదు. పరీక్ష పెట్టి చూడండి, మీ మంత్రిగారికే ఒక ఫారం ఇచ్చి.

‘కాదు’ అని చెప్పడం రాని దేశాల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. జర్మనీలో డుల్డుంగ్ అనే కాగితం ఉంది. ఆ మాటకు అర్థం ‘సహించడం’. అర్జీ కొట్టేశారు, వెళ్లిపోవాలి, కానీ ఏవో కారణాల వల్ల ఇప్పుడు పంపలేం, కాబట్టి కొన్నాళ్లు సహిస్తాం అని దాని భావం. కొన్ని నెలలకి ఇస్తారు, మళ్లీ ఇస్తారు, మళ్లీ ఇస్తారు. పాము చావదు, కర్ర విరగదు. అలా ‘సహించబడుతూ’ అయిదేళ్లు దాటినవాళ్లు 2022 నాటికి లక్షకు పైగా ఉన్నారు. త్రిశంకుడికైనా విశ్వామిత్రుడు ఒక స్వర్గం కట్టిపెట్టాడు, వీళ్లకి కట్టింది క్యూ ఒక్కటే. ఆ ఏడాది చివర్లో జర్మనీ ఒక చట్టం తెచ్చి, అయిదేళ్లు దాటినవాళ్లకి 18 నెలల అవకాశం ఇచ్చింది. ఆ గడువులో భాష, సంపాదన, గుర్తింపు కాగితాలు చూపిస్తే ఉండిపోవచ్చన్నది, లేదంటే మళ్లీ పాత కాగితమేనన్నది. కఠినమైన షరతే. కానీ అందులో ఒక తేదీ ఉంది. తేదీ ఉంటే మనిషి పొద్దున్నే లేస్తాడు.

నేనడిగేదీ అంతకుమించి ఏమీ కాదు. అర్జీ అందిన మొదటి వారంలోనే మీరు పంపాల్సిన ఉత్తరం ఒకటి నేనే రాసి కింద పెడుతున్నాను. ఫారాలు నింపడం అలవాటైన చేయి కదా. ఇందులో మార్పులుంటే చేసుకోండి, ఖాళీలు మాత్రం ఖాళీగా వదలకండి.

“మీ అర్జీ ఫలానా తేదీన మాకు అందింది. దాన్ని చూసే అధికారి పేరు ఫలానా. ఈ ఫోన్ నంబరుకి ఫలానా వేళల్లో చేస్తే ఆమె దొరుకుతారు. మీ ఇంటర్వ్యూ ఫలానా తేదీన, మీ భాషలో జరుగుతుంది. దుబాసీ మాట మీకు అర్థం కాకపోతే అప్పుడే చెప్పండి, మారుస్తాం. మీ లాయరు పేరు ఫలానా, ఆవిడకి డబ్బు మీరివ్వక్కర్లేదు. ఫలానా తేదీలోపు మీకు అవునో కాదో చెబుతాం. ఆ తేదీకి మేం చెప్పలేకపోతే, ఆ మర్నాటి నుంచి ఈ ఉత్తరమే మీకు వర్క్ పర్మిట్. కాదంటే ఎందుకు కాదన్నామో మీ భాషలో రాసిస్తాం, అప్పీలుకి ఎన్ని రోజులుందో చెబుతాం. ఈలోపు ఇల్లు మారితే ఒక్క ఫోన్ చేయండి చాలు. పిల్లలుంటే సోమవారం బడికి పంపండి.”

ఇట్లు,
ఫారాలు నింపిపెట్టే మనిషి